క్రోయర్ మునిమాపు తీరం: ఆయిల్ రంగుల్లో నకలు వేసే పద్ధతి

డెన్మార్క్ చిత్రకారుడు పి.ఎస్. క్రోయర్ 1893లో వేసిన 'స్కాగెన్ దక్షిణ తీరంలో వేసవి సాయంత్రం' చూడగానే అంతా నీలమే అనిపిస్తుంది. అది నమ్మి నీలం ట్యూబు పిండితే బొమ్మ మొదట్లోనే చెడుతుంది. ఇసుక, నీరు, ఆకాశం మూడింటి వెలుగూ అందులో దగ్గర దగ్గరగా ఉంటాయి. కాస్త వెచ్చగా ఉన్నది ఇసుక, చల్లగా ఉన్నది నీరు. కన్ను వాటిని పోల్చుకునేది ఆ తేడాతోనే.

స్కాగెన్ డెన్మార్క్ ఉత్తర కొసన ఉన్న జాలరుల ఊరు. ఆ తీరం నుంచి చూస్తే సూర్యుడు వెనక భూమి వైపు దిగుతాడు కాబట్టి, ఇసుక మీద పడేది ఆకాశం వెలుగు ఒక్కటే. గట్టి నీడలు ఉండవు. బొమ్మలో చిత్రకారిణి అనా ఆంకెర్, క్రోయర్ భార్య మారీ (Marie) ఇద్దరూ మనకు వీపు చూపిస్తూ తెల్ల గౌన్లలో నడిచిపోతుంటారు. ఇది 100 × 150 సెం.మీ. బొమ్మ, స్కాగెన్ మ్యూజియంలో ఉంది.

అభ్యాసానికి 30 × 45 సెం.మీ. కాన్వాస్ అయితే నిష్పత్తి సరిగ్గా కుదురుతుంది. అసలు బొమ్మ ప్రింటును అడ్డంగా 9, నిలువుగా 6 సమాన గడులు చేయండి. కాన్వాస్ మీద ఒక్కో గడి 5 సెం.మీ. వస్తుంది. పెన్సిల్ మాత్రం వద్దు. ఆయిల్ రంగు ఏళ్లు గడిచేకొద్దీ పారదర్శకమవుతుంది, లేతరంగు ఇసుక కింద గీతలు పైకి కనిపిస్తాయి. పల్చటి అంబర్ (ముదురు గోధుమ రంగు)తో సన్న బ్రష్ వాడి గీయండి.

అంతకన్నా ముందు కాన్వాస్ తెలుపును చంపాలి. బర్ంట్ అంబర్, కొద్దిగా అల్ట్రామెరీన్ నీలం, తెలుపు కలిపి టర్పెంటైన్‌తో పల్చన చేసి పూయండి, గుడ్డతో తుడిచి ఆరనివ్వండి. తెల్లటి కాన్వాస్ మీద ఏ రంగు పెట్టినా ముదురుగా కనిపిస్తుంది. దాంతో తెలియకుండానే అన్నింట్లో తెలుపు కలుపుతూ పోతాం, సంధ్యవేళ కాస్తా మిట్టమధ్యాహ్నం అవుతుంది.

రంగులు ఆరు చాలు: టైటానియం వైట్, అల్ట్రామెరీన్, కోబాల్ట్ బ్లూ, ఎల్లో ఓకర్, బర్ంట్ అంబర్, పర్మనెంట్ రోజ్. నలుపు అక్కర్లేదు. ఇసుకకు తెలుపు 6 పాళ్లు, ఓకర్ 1, అల్ట్రామెరీన్ 1, రోజ్ అరపాలు. నీటికి తెలుపు 5, కోబాల్ట్ 2, రోజ్ పావుపాలు, చిటికెడు అంబర్. కంపెనీని బట్టి రంగు బలం మారుతుంది కాబట్టి ఈ కొలతలు మొదలుపెట్టడానికే; నీలాన్ని ఎప్పుడూ కొంచెం కొంచెంగా చేర్చండి.

ఇప్పుడు అసలు పరీక్ష. రెండు మిశ్రమాలనూ ఒక అట్టముక్క మీద పక్కపక్కన రాసి, ఫోన్‌తో ఫోటో తీసి బ్లాక్ అండ్ వైట్‌లోకి మార్చండి. రెండింటి మధ్య హద్దు దాదాపు మాయమైతే టోను (రంగు ఎంత లేత, ఎంత ముదురు అన్నది) కుదిరినట్టే. ఇసుక తెల్లగా ఎగిసి కనిపిస్తే ఓకర్ పెంచకండి, తెలుపు తగ్గించండి. ఈ పరీక్ష కుదిరేదాకా బ్రష్ కాన్వాస్‌కు తాకించవద్దు.

ముందు ఆకాశం, నీరు, ఇసుక పెద్ద ముక్కలుగా, వెడల్పు ఫ్లాట్ బ్రష్‌తో నింపేయండి. తడి ఆరకముందే పొడి బ్రష్‌తో దిగంతరేఖ మీద ఒక్కసారి అడ్డంగా తేలిగ్గా లాగితే అంచు మెత్తబడుతుంది. రెండుమూడుసార్లు లాగితే బురదే. నీరు ఇసుకను తాకే వంపు దగ్గర తడి ఇసుక పట్టీ ఒకటి కావాలి: రెండు మిశ్రమాలనూ సగం సగం కలిపి, ఒడ్డు వంపు వెంటే బ్రష్ నడపాలి.

మనుషులు చివర, కింది పొర తాకితే అంటనంతగా ఆరాక. గౌన్లకు ట్యూబులోంచి వచ్చిన తెలుపు అలాగే వాడితే ఇద్దరూ కత్తిరించి అంటించినట్టుంటారు. తెలుపులో ఇసుక మిశ్రమం నాలుగో వంతు కలపండి, మడతలకు కోబాల్ట్ చేర్చండి.

మొదటి పొర టర్పెంటైన్‌తో పల్చగా, తర్వాతిది ట్యూబు రంగుతో, ఆఖరిదానికి మాత్రమే రెండు మూడు చుక్కల అవిసె నూనెతో వేయాలి. నూనె ఎక్కువున్న పొర నెమ్మదిగా ఆరుతుంది. అది కింద ఉంటే పైన ముందే బిగుసుకున్న పొర పగుళ్లు తీస్తుంది.

విశాఖ బీచ్ కూడా తూర్పు ముఖమే, కాబట్టి అక్కడే చిన్న స్టడీ (అభ్యాస చిత్రం) వేసుకోవచ్చు. కాకపోతే స్కాగెన్‌లో నడివేసవి సంధ్యవెలుగు గంటకు పైగా నిలుస్తుంది, మనకు అరగంట కూడా దక్కదు. మిశ్రమాలు ఇంట్లోనే కలిపి తీసుకెళ్లండి, పోస్ట్‌కార్డు సైజు దాటవద్దు.

వానాకాలంలో కాన్వాస్ వెనక బూజు పడుతుంది. గోడకు ఆనించకుండా గాలి ఆడేలా ఆరబెట్టండి. మామూలు వార్నిష్‌కు కనీసం ఆరు నెలలు ఆగాలి.