జ్వరాల సీజన్‌కు ముందు: పేషెంట్‌ను జరిపే నర్సులకు జాగ్రత్తలు

వానలు ముదిరితే నల్లగొండ, పాలమూరు ఆసుపత్రుల్లో మంచాలు నిండుతాయి. పేషెంట్‌పై చెయ్యి వేసేముందు ఇవి చూసుకోండి.

• బరువు పట్టుకుని నడుము మెలితిప్పొద్దు. వంగి తిరిగినప్పుడే వెన్నుపూసల మధ్య ఉండే డిస్క్‌పై ఒత్తిడి ఎక్కువ. పాదాలతో సహా ఒళ్లంతా తిప్పండి.

• 16 కిలోలు దాటితే ఒక్కరే ఎత్తొద్దు. పనిచేసేవాళ్ల భద్రత మీద పరిశోధన చేసే అమెరికా సంస్థ నియోష్ పెట్టిన హద్దు ఇది. 60 కిలోల మనిషి ఒక్క కాలే దాదాపు 10 కిలోలు! ఆయాను, అటెండర్‌ను పిలవడం నామోషీ కాదు.

• పేషెంట్‌ను మంచంలో పైకి జరిపేటప్పుడు ముందు తలవైపు దించి మంచం చదును చేయండి, లేకపోతే గుట్ట ఎక్కించినట్టే. చంకల్లో చేతులు పెట్టి లాగొద్దు. డ్రా షీట్ (పేషెంట్ నడుము కింద అడ్డంగా పరిచే దుప్పటి) వేసి, ఇద్దరు చెరోపక్క, ఒకేసారి. సెలైన్ పైపు, యూరిన్ బ్యాగు ముందే చూసుకోవాలి.

• మంచం, వీల్‌చైర్ బ్రేకులు వేసి ఉన్నాయో లేదో చూడండి.

• పక్షవాతం పేషెంట్‌ను పడిపోయిన చేయి పట్టి లాగితే భుజం కీలు జారొచ్చు. వీల్‌చైర్ బాగున్న వైపు పెట్టండి.

• మీ మెడ చుట్టూ చేతులు వేయనివ్వొద్దు, బరువంతా మెడ మీదే పడుతుంది.

• పేషెంట్ కూలబడుతుంటే ఆపబోవద్దు. తల కాపాడుతూ, మీ కాలి మీదుగా మెల్లగా నేలకు దించండి.