బద్దకి కర్రని కోయకండి, చీల్చండి

గిటార్ పైపలక మందం 3 మిల్లీమీటర్లు కూడా ఉండదు. ఆరు స్టీలు తీగలు బిగిస్తే పడే లాగుడు 70 కిలోల పైమాటే. పలక వంగిపోకుండా, అలాగని గొంతు నొక్కేయకుండా కాసేవి లోపల అతికించే బద్దలు, అంటే బ్రేసులు. పైపలకకి ఎంతైనా ఖర్చు పెట్టి, బద్దలకి చేతికందిన ముక్క వాడేస్తాం. నా రెండో గిటార్‌కి నేనూ అదే చేశాను. రంపంతో కోసిన నున్నటి స్ప్రూస్ (దేవదారులాంటి సూదాకుల చెట్టు కర్ర) బద్దలు కొన్నాను. ఉలితో చెక్కుతుంటే కొసన పెళ్లున పెచ్చు లేచింది. పక్కనుంచి చూస్తే నార ఏటవాలుగా బయటికి పోతోంది. జిగురు పెట్టి బిగించాను. ఆరు నెలలకి మళ్లీ అక్కడే చీలింది.

అప్పటినుంచి మొద్దు ముక్కే కొంటున్నాను. నేనుండేది సియాటిల్ దగ్గర. అలాస్కా నుంచి ఉత్తర కాలిఫోర్నియా దాకా ఈ తీరమంతా సిట్కా స్ప్రూస్ పెరుగుతుంది కాబట్టి నాకు అదే సులువు. రెడ్ స్ప్రూస్ దొరికితే మంచిదే, దొరక్కపోతే బెంగ పెట్టుకోకండి. చెట్టు పేరు కంటే నార తిన్నగా ఉండటం ముఖ్యం.

ముక్క తలమీద వెడల్పాటి ఉలి ఆనించి, కొడతితో ఒక్కటి వెయ్యండి. వెదురు బద్ద చీలినట్టు ఈ కొస నుంచి ఆ కొసకి తిన్నగా విచ్చుకోవాలి. మెలితిరిగి చీలితే అది బద్దకి పనికిరాదు, పక్కన పెట్టండి. చీలిన ముఖం మీద ఫౌంటెన్ పెన్ సిరా ఒక్క చుక్క వేస్తే అది నార వెంటే సన్నటి గీతలా పాకుతుంది. ఆ గీత అంచుకి సమాంతరంగా సాగితే నాకు ప్రాణం లేచొస్తుంది. చీలిన ముఖాన్ని ఆధారం చేసుకునే మిగతా వైపులు చిత్రిక పట్టాలి.

బద్ద తలని చూస్తే వలయాల గీతలు నిలువుగా, పలకకి లంబంగా కనబడాలి. ముడి, బంక సంచి ఉంటే తీసేయండి. ముదురు గోధుమ రంగులో లావుపాటి వలయాలున్నా వద్దు. ఒరిగి పెరిగిన చెట్టుది కావచ్చు, ఆరేకొద్దీ వంకర పోతుంది. అంగుళానికి ఎన్ని వలయాలో లెక్కపెడుతూ కూర్చోనక్కర్లేదు.

తర్వాత తూకం. 60 సెంటీమీటర్ల పొడవు, 5 వెడల్పు, 2 మందం ఉన్న ముక్క 240 నుంచి 270 గ్రాముల మధ్య తూగితే తీసుకుంటాను. ఒకే కొలతకి చెక్కిన బద్దల్ని రెండు దిమ్మల మీద పెట్టి, మధ్యలో 2 కిలోల బరువు వేలాడదీసి చూడండి. తేలిగ్గా ఉండి తక్కువ వంగింది ఎక్స్ బద్దకి, అంటే పలక కింద X ఆకారంలో దాటే పెద్ద బద్దలకి. మిగిలినవి చిన్న బద్దలకి.

కర్ర కాస్త మెత్తగా అనిపిస్తే వెడల్పు పెంచకండి, ఎత్తు పెంచండి. వెడల్పు రెట్టింపైతే బిగువూ రెట్టింపే. ఎత్తు రెట్టింపైతే ఎనిమిది రెట్లు. బ్రిడ్జి (పైపలక మీద తీగలు బిగించే చెక్క) కింద, లోపల అతికించే పలక మాత్రం స్ప్రూస్‌తో చేయొద్దు, తీగల కొసనుండే గుండ్లు కొరికేస్తాయి, అక్కడ గట్టిదైన మేపుల్ కర్రే.

చీల్చిన బద్దల్ని గాలిలో తేమ 45 శాతం దగ్గరుండే గదిలో కొన్ని వారాలు ఉంచి, అదే గదిలో అతికించండి.