పాత పెట్టెలో అరిదళం ముక్క దొరికితే ఏం చేయాలి

కడపలో మా జేజినాయన నాటువైద్యం చేసేవారు. మొన్న ఇల్లు సర్దుతుంటే ఆయన రేకుపెట్టె అడుగున కాగితం పొట్లంలో పసుపురాయి దొరికింది, మా పిన్ని గంధకమేమో అని ముక్కు దగ్గర పెట్టుకోబోతే నేను చేయి పట్టుకుని ఆపాను. అది అరిదళం. హరితాళం, తాళకం అన్నా ఇదే. గంధకంతో కలిసిన ఆర్సెనిక్ అనే విషపదార్థం ఇది, బరువులో నూటికి 61 పాళ్లు ఆర్సెనిక్కే.

గుర్తుపట్టడం కష్టమేమీ కాదు. గంధకం నిమ్మపండు పసుపు, చేతికి తేలిక. అరిదళం బంగారు ఛాయలో మెరుస్తూ, అభ్రకంలా పొరలు పొరలుగా ఊడుతుంది, అంతే సైజు గంధకం ముక్క కంటే ఒకటిన్నర రెట్లకు పైనే బరువుంటుంది. ఎర్రగా, నారింజ రంగులో ఉంటే మణిశిల, అదీ ఆర్సెనిక్ గంధకాల కలయికే. మణిశిల వెలుతురులో పెడితే మెల్లగా పసుపు పొడిగా రాలిపోతుంది, ఆ పొడిని ఊదకండి.

అన్నిటికన్నా ముఖ్యం, కాల్చొద్దు. నిప్పుల మీద వేస్తే వెల్లుల్లి వాసన వస్తుందట కదా, చూద్దాం అని ఎవరైనా అంటే ఒప్పుకోకండి, ఆ పొగలో ఉండేది తెల్ల పాషాణం. రోట్లో నూరొద్దు. తాళక భస్మం ఇంట్లో చేసుకునే మందు కాదు, దాని శుద్ధి తెలిసిన ఆయుర్వేద డాక్టరుకే వదిలేయండి.

పూర్వం చిత్రకారులకు ఇది మంచి పసుపు రంగు, కానీ రాగి, సీసం ఉన్న రంగుల పక్కన వేస్తే నల్లబడుతుంది. సున్నంతో కలిపి వెంట్రుకలు తీసేవారు. చేతిరాత కాగితాలకు పురుగు పట్టకుండా పూసేవారు, తప్పు పడిన అక్షరాల మీదా దిద్దేవారు. అందుకే పాత ప్రతిలో పసుపు పూత కనిపిస్తే వేలికి ఉమ్మి తడి చేసుకుని పేజీ తిప్పకండి. ఇప్పుడైతే ఇన్‌ఫ్రారెడ్ కిరణాలను పోనిచ్చే గాజులో వాడుతున్నారు.

అరిదళాన్ని తయారు చేయడం ల్యాబు పని. పలుచని ఆర్సీనియస్ ఆక్సైడ్ (పైన చెప్పిన తెల్ల పాషాణమే) ద్రావణంలోకి హైడ్రోజన్ సల్ఫైడ్ పంపితే పసుపు కొల్లాయిడ్, అంటే అడుక్కి దిగకుండా నీళ్లలో తేలే సన్నని రేణువులు, వస్తుంది, ఉప్పు వేస్తే అది గడ్డకట్టి అడుక్కి దిగుతుంది, పటిక అయితే చాలా కొంచెం చాలు. ఆ గ్యాసూ విషమే, ఫ్యూమ్ హుడ్ (విషవాయువును బయటికి లాగేసే ల్యాబు గూడు) లేకుండా చేయరు.

మేమేం చేశామంటే, గ్లవ్స్, మాస్కు వేసుకుని పొట్లంతో సహా జిప్ కవర్లో పెట్టి, దాన్ని మూత గట్టిగా ఉన్న సీసాలో వేసి, 'ఆర్సెనిక్, విషం' అని చీటీ అంటించాం. పెట్టెను తడిగుడ్డతో తుడిచి, ఆ గుడ్డనూ వేరే కవర్లో కట్టాం, చీపురు మాత్రం పట్టలేదు. చెత్తబండిలో, కాలవలో వేయకుండా డిగ్రీ కాలేజీలో కెమిస్ట్రీ లెక్చరరుకు ముందే ఫోన్ చేసి అడిగి, రెండూ అక్కడికి తీసుకెళ్లి ఇచ్చాం.