శ్రావణం రాకముందే సరిచూసుకోవలసిన రోజుల లెక్క

ఆషాఢమంతా పుట్టింట గడిపిన కొత్త కోడలు శ్రావణంలో తిరిగి వచ్చే వేళకు, గుంటూరు ఇళ్లలో చీర సారెల ముచ్చట్లు ఎన్నో నడుస్తాయి గానీ, కొంతకాలం పిల్లలు వద్దనుకున్న దంపతులు ఏ రోజుల్లో జాగ్రత్తపడాలో ఎవరూ నోరు విప్పి చెప్పరు. "నెల మధ్యలో తప్ప భయం లేదు" అన్న మాటొక్కటే చెవిన పడుతుంది. చాలామందిని ముంచేది ఆ మాటే.

వంటింటి కాలెండరులో, పాల లెక్క పక్కన, నెలసరి మొదలైన తేదీకి ఎర్ర సిరాతో సున్న చుట్టి, అక్కడినుంచి 14 రోజులు ముందుకు లెక్కపెడతారు. నిజానికి అండం విడుదలయ్యేది తరువాతి నెలసరికి సుమారు 14 రోజుల ముందు. అందుచేత 28 రోజులకు నెలసరి వచ్చేవారికి అది 14వ రోజైతే, 35 రోజులకు వచ్చేవారికి 21వ రోజు, 24 రోజులకు వచ్చేవారికి 10వ రోజు అవుతుంది. అండం ఒక రోజుకు మించి నిలవదు గానీ వీర్యకణాలు స్త్రీ శరీరంలో 5 రోజుల వరకు బతికి ఉండగలవు కాబట్టి, అండం విడుదలయ్యే రోజూ దానికి ముందరి 5 రోజులూ గర్భం నిలిచే అవకాశం ఎక్కువ. 24 రోజుల లెక్కవారికి ఈ గడువు 5వ రోజునే, ఒక్కోసారి రక్తస్రావం పూర్తిగా ఆగకముందే, మొదలవుతుంది.

పైగా తరువాతి నెలసరి ఎప్పుడొస్తుందో ముందుగా ఖాయంగా చెప్పలేము. జ్వరమో మానసిక ఒత్తిడో దాన్ని ఆలస్యం చేయవచ్చు. అందుకే రోజుల లెక్క ఒక్కదాన్నే నమ్ముకోవద్దని గట్టిగా చెబుతున్నాను. వీర్యం బయట పడేలా చూసుకున్నామన్న ధీమా కూడా పనికిరాదు. ప్రతిసారీ నిరోధ్ వాడాలి, లేదా డాక్టరును అడిగి మాలా-ఎన్, ఛాయా మాత్రలో, గర్భసంచిలో అమర్చే కాపర్-టీయో ఎంచుకోవాలి. ఇవి ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాల్లో ఉచితం.

పొరపాటున రక్షణ లేకుండా కలయిక జరిగిపోతే నెలసరి కోసం ఎదురుచూస్తూ కూర్చోవద్దు. లెవోనార్జెస్ట్రెల్ 1.5 మిల్లీగ్రాముల మాత్ర ఒకటి 72 గంటల్లోపు, వీలైనంత త్వరగా, వేసుకోవాలి. బ్రాడీపేట మందుల షాపులో నలుగురి ముందు అడగలేక రెండు రోజులు పోగొట్టుకోవడం కంటే మాత్ర పేరు చీటీ మీద రాసి ఇవ్వడం మేలు. ఆ మాత్ర అండం విడుదలను ఆలస్యం చేస్తుందే తప్ప నిలిచిన గర్భాన్ని తీసివేయదు. ఆ తరువాతి కలయికలకు రక్షణా ఇవ్వదు. రెండు గంటల్లోపు వాంతి అయితే మళ్లీ వేసుకోవాలి. మూర్ఛకో క్షయకో మందులు వాడుతున్నవారు ముందే డాక్టరుకు చెప్పాలి. 5 రోజుల్లోపు వేయించుకున్న కాపర్-టీ ఈ మాత్రకన్నా బాగా పనిచేస్తుంది.

నెలసరి వారం ఆలస్యమైతే ఉదయం మూత్రంతో పరీక్ష చేసుకోవాలి. గర్భమని తేలితే, షాపులో అడిగి తెచ్చిన గర్భస్రావం మాత్రలు సొంతంగా వేసుకోకుండా, నేరుగా డాక్టరు దగ్గరికే వెళ్లాలి.