ఎర్రగీత పడితే ఏం చూడాలి: ఐసీయూలో ఈఈజీ పెట్టేవాళ్లకి

ఈఈజీ అంటే తలకి ఎలక్ట్రోడ్లు (వైరు చివర ఉండే చిన్న బిళ్లలు) అంటించి, మెదడులో పుట్టే కరెంటుని తెర మీద గీతలుగా చూడటం. ఫిట్స్ అనుమానం వస్తే మెషిన్ తనంతట తాను అలారం మోగించి పెట్టే గుర్తే ఎర్రగీత. అది నమ్మదగ్గదిగా ఉండాలంటే మొదటి పని జిడ్డు వదిలించడం. మా గుంటూరు వైపు తలకి దెబ్బ తగిలినా, జ్వరం వచ్చి మగతగా పడిపోయినా, చలవ చేస్తుందని మాడుకి ఆముదం అద్ది మరీ తీసుకొస్తారు. ఆ జిడ్డు మీద ఎలక్ట్రోడ్ నిలవదు. జుట్టు పాయలుగా విడదీసి, స్పిరిట్ దూదితో ఒక్కో చోటా తుడిచి, గరుకుగా ఉండే స్కిన్ జెల్‌తో మెల్లగా రుద్దండి. ఎర్రబడేదాకా రుద్దకూడదు. ఆ ఎలక్ట్రోడ్ అక్కడే రెండు మూడు రోజులు ఉండాలి.

నేను కొత్తపేటలో ఒక ఆసుపత్రి ఐసీయూలో ఈఈజీ టెక్నీషియన్ని. పన్నెండేళ్లుగా ఎక్కువగా నైట్ డ్యూటీలే. కొత్తగా ఈ పనిలోకి వచ్చిన పిల్లల కోసం, రాత్రంతా పేషెంట్ పక్కన ఉండే సిస్టర్ల కోసం ఇది రాస్తున్నాను.

వైర్లు చూడగానే ఇంట్లోవాళ్లు హడలిపోతారు. "ఏంటమ్మా, తలకి కరెంటు పెడుతున్నారా?" అని అడగని రోజు లేదు. విసుక్కోకండి. "లేదు పెద్దమ్మా, ఇందులోంచి లోపలికి ఏమీ పోదు. మెదడులో పుట్టే సన్నటి కరెంటుని ఇది వింటుంది, అంతే" అని చెప్పండి. తల గొరగడం లేదని కూడా చెప్పండి. సగం టెన్షన్ అక్కడే పోతుంది.

ఫిట్స్ అంటే కాళ్లూ చేతులూ కొట్టుకోవడమే అనుకుంటాం. ఐసీయూలో వచ్చేవాటిలో చాలావాటికి ఆ ఆనవాళ్లే ఉండవు. న్యూయార్క్‌లో కొలంబియా యూనివర్సిటీ డాక్టర్లు 570 మందికి ఆపకుండా ఈఈజీ తీసి 2004లో ఆ లెక్క ప్రచురించారు. 110 మందిలో ఫిట్స్ దొరికాయి. వాళ్లలో 101 మందికి కొట్టుకోవడమన్నదే లేదు. ఫిట్స్ వచ్చినవాళ్లలో నూటికి 88 మందికి మొదటి 24 గంటల్లోనే బయటపడ్డాయి. అందుకే, మెలకువ రాని మనిషికి అరగంట ఈఈజీ తీసి "ఏమీ లేదు" అని వైర్లు పీకేస్తుంటే నా మనసు ఒప్పుకోదు.

ఇక కొలత. కళ్ల మధ్య ముక్కు మొదలయ్యే పల్లం నుంచి తల వెనక ఎముక బొడిపె దాకా టేపు పెట్టండి. 36 సెంటీమీటర్లు వచ్చిందనుకోండి, అందులో పదోవంతు 3.6, ఐదోవంతు 7.2. ముక్కు పైనుంచి 3.6 దగ్గర మొదటి గుర్తు, ఆపైన 7.2కి ఒకటి, మళ్లీ 7.2కి నడినెత్తి. చెవి నుంచి చెవికీ, తల చుట్టూ కూడా ఇదే లెక్క. ఆపరేషన్ కట్టు అడ్డొచ్చి ఒక పక్క ఎలక్ట్రోడ్ జరపాల్సి వస్తే, రెండో పక్కదీ అంతే జరపండి. లేకపోతే రెండు వైపుల మధ్య లేని తేడా కనబడుతుంది. ఇంపిడెన్స్ (ఎలక్ట్రోడ్‌కీ చర్మానికీ మధ్య కరెంటుకి పడే అడ్డు) 5 కిలో ఓమ్‌ల లోపు రావాలి. మరీ సున్నాకి దగ్గరగా ఉంటే సంతోషపడకండి, పక్కపక్క పేస్టులు కలిసిపోయాయేమో చూడండి. ఛాతీకి ఈసీజీ లీడ్లు, మంచానికి ఎదురుగా కెమెరా తప్పనిసరి. ఇవి ఎందుకో ఎర్రగీత పడినప్పుడు తెలుస్తుంది.

మెదడు నుంచి వచ్చే ఆ కరెంటు వోల్టులో పది లక్షల వంతుల్లో కొలిచేంత చిన్నది. గాలి పరుపు వైరో, ఇన్ఫ్యూజన్ పంపు వైరో ఎలక్ట్రోడ్ వైర్ల మీదుగా వెళ్తే గోడ కరెంటు 50 హెర్ట్జ్ మోత దాన్ని ముంచేస్తుంది. ఆ మోతని తెర మీద తీసేసే ఫిల్టర్ నొక్కే ముందు ఆ వైర్లు దూరం జరపండి. మే నెలలో ఏసీ కాసేపు ఆగినా చెమటకి గీతలు అలల్లా ఊగుతాయి, తల తుడవండి.

మెషిన్ తనంతట తాను ఫిట్స్ పట్టే పద్ధతిని 1982లో కెనడాలోని మాంట్రియల్‌లో జీన్ గాట్‌మన్ అనే పరిశోధకుడు రాశారు. ఇప్పటి సాఫ్ట్‌వేర్ చాలా ముందుకెళ్లింది. అయినా అది ముఖ్యంగా వెతికేది ఒకటే: ఇప్పటిదాకా ఉన్న గీతల కన్నా ఉన్నట్టుండి ఏదైనా లయగా, పెద్దగా మారిందా? అందుకే లయ ఉన్న ప్రతిదాన్నీ అది అనుమానిస్తుంది. వీపు తట్టి ఫిజియో చేసినా, పేషెంట్ పళ్లు నూరినా, వణికినా ఎర్రగీత పడుతుంది. కొద్దిచోటే ఉండి, నెమ్మదిగా, సన్నగా నడిచే ఫిట్స్‌ని మాత్రం వదిలేయొచ్చు.

అలారం మోగగానే తెర వైపు కాదు, మనిషి వైపు చూడండి. దుప్పటి తీసి వేళ్లు, రెప్పలు, పెదవి మూల, కనుగుడ్లు ఎటు లాగుతున్నాయో చూడండి. టైం రాయండి. ఆ తర్వాతే తెర. గంటల గీతలని కుదించి చూపే రంగుల ట్రెండ్‌తో సరిపెట్టకుండా అసలు గీతలు తెరవండి. ఆ టైంలో ఎవరైనా తట్టారా, ఊపారా అన్నది కెమెరాలో చూడండి. రోకటిపోటు మొదట్నుంచి చివరిదాకా ఒకే దరువు. తట్టడం, ఊపడం వల్ల పడే గీత అలాగే ఉంటుంది. ఫిట్స్ మారుతూ పోతుంది: ఒక చోట సన్నగా, వేగంగా మొదలై, లావెక్కి, పక్క ఎలక్ట్రోడ్లకి పాకి, నెమ్మదించి, ఠక్కున ఆగుతుంది. ఒక్క ఎలక్ట్రోడ్‌లోనే ఉండి పక్కదానికి అంటలేదంటే ముందు ఆ వైరు చూడండి. గుండె కొట్టుకునే లెక్కలోనే పడుతుంటే ఈసీజీ గీతతో పోల్చండి.

ఇంతకుముందు నేను పనిచేసిన చోట సత్తెనపల్లి వైపు నుంచి వచ్చిన ఒక పెద్దాయన ఉండేవారు. మెదడులో రక్తస్రావానికి ఆపరేషనైంది. మత్తు మందు ఆపి రెండు రోజులైనా కళ్లు తెరవలేదు. రాత్రంతా మెషిన్ ఒక్క ఎర్రగీతా పెట్టలేదు. పొద్దున చూడ్డానికి వచ్చిన కూతురు, "అమ్మా, మా నాన్న ఎడమ బొటనవేలు ఆడుతోంది" అంది. వంగి చూశాను. గోరు దగ్గర దారం పట్టి లాగినట్టు, ఆగి ఆగి ఆడుతోంది. ఎడమ చెయ్యి అంటే కుడి మెదడు. కుడివైపు, నడినెత్తికీ చెవికీ మధ్య ఉండే సీ4 ఎలక్ట్రోడ్ పట్టుకుంటే పేస్టుతో సహా చేతికొచ్చింది. రాత్రి పక్కకి తిప్పినప్పుడు ఊడి, దిండు మీదే ఉండిపోయింది. మళ్లీ అంటించాక పది నిమిషాలకి అక్కడే ఎర్రగీత. ఆ రాత్రి ఎన్నిసార్లు వచ్చిందో ఎవరికీ తెలియదు. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ కడుపులో దేవుతుంది. అందుకే చెప్తున్నాను, పేషెంట్‌ని తిప్పిన ప్రతిసారీ ఇంపిడెన్స్ చూడండి. "అలారం రాలేదు" అని రాసే ముందు "ఎలక్ట్రోడ్లన్నీ ఉన్నాయి" అని రాయగలగాలి. ఇంట్లోవాళ్లు ఏదైనా కదిలిందంటే కొట్టిపారేయకుండా బటన్ నొక్కి గుర్తు పెట్టండి.

మారుతూ పోయే గీత పది సెకన్లు దాటితే డాక్టర్‌కి చెప్పండి. ఆగకుండా పది నిమిషాలు ఉన్నా, గంటలో అన్నీ కలిపి పన్నెండు నిమిషాలైనా దాన్ని స్టేటస్ (వదలకుండా పట్టుకున్న ఫిట్స్) అంటారు. అన్ని నిమిషాలూ నిండేదాకా ఆగకండి, మొదటిదానికే ఫోన్ చేయండి. "అలారం వచ్చింది సార్" అంటే ఆయనకేం అర్థం కాదు. "3:40కి కుడివైపు మొదలైంది, 50 సెకన్లు, ఎడమ బొటనవేలు ఆడింది, అప్పుడు ఎవరూ ముట్టుకోలేదు" అనండి. మందు సంగతి ఆయన చూసుకుంటారు.

రోజుకొకసారి నుదుటి మీది ఎలక్ట్రోడ్ల కింద చర్మం చూడండి. కమిలితే చోటు కాస్త మార్చండి. తీసేటప్పుడు పేస్టుని గోరువెచ్చని నీళ్లతో నానబెట్టి తీయండి, ఎండినదాన్ని లాగితే జుట్టుతో పాటు వస్తుంది. ఆడవాళ్లయితే చిక్కు తీసి, జడ అల్లి పంపండి.