కోడుతో ముగ్గు: గీత తెగితే, బొమ్మ మారితే, ప్రింటు చెడితే ఏం చూడాలి

ఇక్కడి లెక్కలన్నీ పీ5 జేఎస్‌ స్కెచ్‌లకు, అంటే బ్రౌజర్‌లో కోడుతో బొమ్మలు గీయించే జావాస్క్రిప్ట్ లైబ్రరీతో రాసిన ప్రోగ్రాములకు సంబంధించినవి. ఉదాహరణకు ముగ్గునే తీసుకున్నాం. ముగ్గులో ఎక్కడ తప్పు పడ్డా మన కంటికి ఇట్టే దొరుకుతుంది.

బొమ్మ నిలవకుండా అదురుతోంది

డ్రా ఫంక్షన్ సెకనుకు సుమారు 60 సార్లు నడుస్తుంది. నడిచిన ప్రతిసారీ ర్యాండమ్ (ఏదో ఒక అంకె తీసిచ్చే ఫంక్షన్) కొత్త అంకెలిస్తుంది. కదలిక అక్కర్లేకపోతే సెటప్‌లో (మొదట ఒక్కసారే నడిచే ఫంక్షన్) నోలూప్ పెట్టండి, డ్రా మళ్లీ మళ్లీ నడవదు, చాలు.

నిన్న వచ్చిన బొమ్మ ఇవాళ రావట్లేదు

సీడ్, అంటే ర్యాండమ్ అంకెల వరస ఎక్కడ మొదలవ్వాలో చెప్పే సంఖ్య, దాచుకోలేదన్నమాట. అన్నిటికన్నా ఎక్కువ నష్టం చేసే పొరపాటు ఇదే, ఎందుకంటే పోయిన ముగ్గు మళ్లీ దొరకదు. సెటప్ మొదట్లోనే ఒక పూర్ణసంఖ్య ఎంచుకుని ర్యాండమ్‌సీడ్‌కీ, నాయిస్‌సీడ్‌కీ (నాయిస్ అంటే అలలా మెల్లగా మారే అంకెలిచ్చే ఫంక్షన్) రెండింటికీ ఇవ్వండి. ఒకదానికే ఇస్తే బొమ్మ సగం కుదిరి సగం మారుతుంది. సేవ్ చేసే ఫైలు పేరులోనే ఆ సంఖ్య ఉండాలి: ముగ్గు-48213 అన్నట్టు.

సీడ్ ఇచ్చాక కూడా మారిందా? అయితే కోడు మధ్యలో ఎక్కడో కొత్తగా ఒక ర్యాండమ్ చేర్చి ఉంటారు. ర్యాండమ్ అంకెలు వరసలో నిలబడ్డట్టు వస్తాయి. రంగు కోసం మధ్యలో ఒకటి తీసుకుంటే దాని వెనకున్నవన్నీ ఒక అడుగు జరుగుతాయి. అందుకని ప్రతి గడికీ కావలసిన మలుపులన్నీ, అంటే గీత ఎటు తిరగాలో చెప్పే ర్యాండమ్ అంకెలు, సెటప్‌లోనే ముందు తీసి ఒక అరేలో (విలువల జాబితాలో) పెట్టుకోండి. రంగులు, మందాలు ఆ తర్వాత తీసుకోండి. అప్పుడు రంగు ఎన్నిసార్లు మార్చినా ముగ్గు చెక్కుచెదరదు.

గీతలన్నీ ఎడమవైపుకే కొట్టుకుపోతున్నాయి

నాయిస్ విలువను రెండు పైలతో (2π, అంటే పూర్తి చుట్టు) గుణించి కోణంగా వాడితే ఇలా అవుతుంది. నాయిస్ 0 నుంచి 1 దాకా అంటారు గానీ, వచ్చే విలువల్లో ఎక్కువ భాగం 0.5 చుట్టూనే గుమిగూడతాయి. 0.5ను రెండు పైలతో గుణిస్తే పై, అంటే సరిగ్గా ఎడమ దిక్కు. మ్యాప్ ఫంక్షన్‌తో 0.3 నుంచి 0.7 వరకు ఉన్న భాగాన్ని 0 నుంచి రెండు పైల దాకా సాగదీయండి.

మధ్య గీతకు అటూ ఇటూ అద్దంలో చూసినట్టు ఒకేలా వస్తుంటే కారణం వేరు. ట్రాన్స్‌లేట్‌తో మూలబిందువును మధ్యకు తెచ్చినప్పుడు ఎడమ సగం రుణ సంఖ్యలవుతుంది. నాయిస్ రుణ గుర్తును పట్టించుకోదు, మైనస్ 3కీ 3కీ ఒకే విలువ ఇస్తుంది. నాయిస్‌కి ఇచ్చే ఎక్స్, వై రెండింటికీ 1000 కలపండి.

మెలిక గీత గడి గడికీ తెగుతోంది

నూటికి తొంభై పాళ్లు ఇది వ్యాసార్థానికీ వ్యాసానికీ మధ్య తికమకే. గడి భుజం 40 అనుకోండి. ఎదురెదురు మూలల నుంచి రెండు పావు వృత్తాలు గీస్తే అవి భుజాల మధ్య బిందువుల్ని తాకాలి, అంటే వ్యాసార్థం 20. కానీ చాపం గీసే ఆర్క్ ఫంక్షన్‌లో మూడో, నాలుగో అంకెలు వ్యాసాలు. అక్కడ 20 రాస్తే గీత 10 దగ్గరే ఆగిపోతుంది. 40, 40 ఇవ్వాలి. పై ఎడమ మూలకు కోణం 0 నుంచి హాఫ్‌పై (పావు చుట్టు), కింద కుడి మూలకు π నుంచి π ప్లస్ హాఫ్‌పై. వై కిందికి పెరుగుతుంది కాబట్టి కోణాలు గడియారం ముల్లులా తిరుగుతాయి. బడి లెక్కల అలవాటుతో రాస్తే తలకిందులవుతుంది.

సందు చుక్క ముగ్గు నిలువుగా సాగింది

వరసల దూరం చుక్కల దూరంతో సమానంగా పెట్టారు. దాన్ని 0.866తో గుణించండి. 13 నుంచి 7 వరకు సందు చుక్కకు మొత్తం 127 చుక్కలు రావాలి. లెక్క తప్పితే లూప్ హద్దులు చూడండి.

తెర మీద బాగుంది, ప్రింటులో పాడైంది

హైదరాబాద్‌లో చిక్కడపల్లిలో ఇచ్చినా, పెళ్లి కార్డులకు పేరుపడ్డ ఛత్తా బజార్‌లో ఇచ్చినా డిజిటల్ ప్రింటుకు మామూలుగా దొరికే షీటు 12 బై 18 అంగుళాలు. అంగుళానికి 300 చుక్కల చొప్పున 3600 బై 5400 పిక్సెళ్లు. స్కెచ్ 600 బై 900లో వేసుకుని, కాన్వాస్ (బొమ్మ గీసే పలక) వెడల్పును 600తో భాగించి వచ్చిన సంఖ్యను యూనిట్ అనుకోండి. గీత మందం, గడి భుజం ఆ యూనిట్‌తో గుణించాలి. నాయిస్‌కి ఇచ్చే ఎక్స్, వైలను మాత్రం యూనిట్‌తో భాగించాలి. ఇది మరిచిపోతే పెద్ద సైజులో అలలు వేరేగా వస్తాయి.

సేవ్ చేస్తుంటే బ్రౌజర్ పడిపోతోందా? పిక్సెల్ డెన్సిటీ (ఒక్కో పిక్సెల్‌ను ఒక్కో వైపు ఎన్ని రెట్లు చేయాలో చెప్పేది) 2 ఉంటే అదే కాన్వాస్ 7200 బై 10800 అవుతుంది, దానికే 300 ఎంబీకి పైగా మెమరీ కావాలి. సెటప్ మొదటి వరసలో పిక్సెల్ డెన్సిటీ 1 అని పెట్టి, ఫోన్‌లో కాకుండా ల్యాప్‌టాప్‌లో సేవ్ చేయండి.

నల్ల నేల మీద తెల్ల ముగ్గు వేసినప్పుడు సన్నని గీతల్లోకి చుట్టూ ఉన్న నలుపు చొచ్చుకొస్తుంది. 300 దగ్గర 12 పిక్సెళ్లంటే ఒక మిల్లీమీటరు. తెల్ల గీత 6కు తగ్గనివ్వొద్దు. మెరిసే చిలకపచ్చ, విద్యుత్ నీలం లాంటి రంగులు సిరాలో అంత వెలుగుతో రావు. పూర్తి షీటుకు ముందు, వాడబోయే కాగితం మీదే ఏ4 ముక్కలో రంగుల వరస ఒకటి వేయించి పగటి వెలుతురులో చూసుకోండి. మిషన్ కాగితం అంచు దాకా అచ్చువేయదు కాబట్టి చుట్టూ అరంగుళం, అంటే 150 పిక్సెళ్లు, ఖాళీ వదలండి.