కొత్తగా వచ్చిన శరణార్థులకు, వలస కుటుంబాలకు ప్రభుత్వ సేవల కరపత్రం: వారి భాషలో తయారుచేసే పద్ధతి

తిరుపతి జిల్లాకు వచ్చే పరభాషా కుటుంబాలకు ప్రభుత్వ సేవల వివరాలు వారి భాషలో అందించాలనుకునేవారు ముందుగా గుర్తుంచుకోవలసింది, ఆ కరపత్రాన్ని ఇద్దరు చదువుతారని: దాన్ని చేతపట్టుకొని వచ్చిన మనిషి ఒకరు, ఆసుపత్రి కిటికీ దగ్గరో వార్డు సచివాలయంలోనో కూర్చున్న ఉద్యోగి ఇంకొకరు. అందువల్ల ఎడమవైపు వారి భాషలో ఒక వాక్యం, దానికి ఎదురుగా కుడివైపు అదే వాక్యం తెలుగులో పెద్ద అక్షరాలతో ఉండాలి. తెలుగు రాని తల్లి ‘మా పాపకు తొమ్మిది నెలల టీకా వేయించాలి’ అన్న వరుస మీద వేలు పెట్టి చూపిస్తే పని మొదలవుతుంది. పరభాషలో మాత్రమే అచ్చువేసిన కాగితం ఎంత అందంగా ఉన్నా ఆమెను గుమ్మం వరకే తీసుకువెళ్తుంది.

ఎవరి కోసం రాస్తున్నామో తరువాత తేల్చుకోవాలి. రేణిగుంట, ఏర్పేడు, శ్రీసిటీ ప్రాంతాల కర్మాగారాలకూ కట్టడాల పనులకూ వచ్చే ఒడియా, హిందీ, బెంగాలీ మాట్లాడే కుటుంబాలు భారత పౌరులవి. సరిహద్దు దాటితే తమిళనాడులోని గుమ్మిడిపూండిలో శ్రీలంక తమిళ శరణార్థుల శిబిరం ఉంది. అటువంటి చోట్ల నుంచి కూలికి ఇటు వచ్చేవారి పరిస్థితి వేరు. భారతదేశం 1951 నాటి శరణార్థుల ఒప్పందంపై సంతకం చేయలేదు, మనకు ప్రత్యేక శరణార్థి చట్టమూ లేదు. శ్రీలంక తమిళుల, టిబెటన్ల వ్యవహారాలను ప్రభుత్వమే చూస్తుంది. మరికొన్ని దేశాల నుంచి వచ్చినవారికి ఐక్యరాజ్యసమితి శరణార్థుల సంస్థ గుర్తింపు కార్డులిస్తుంది. ఒకరికి పనికివచ్చే వాక్యం ఇంకొకరిని తప్పుదారి పట్టించవచ్చు కనుక, సేవలను శాఖలవారీగా కాకుండా, ఏ కాగితం అడుగుతారన్న దానినిబట్టి విడదీయడం మేలు.

మొదటి భాగంలో, చేతిలో ఏ కార్డూ లేకపోయినా అడగదగినవి ఉండాలి. ప్రాణాపాయంలో 108, పోలీసు సహాయానికి 112, ఆపదలో ఉన్న పిల్లలకు 1098, మహిళలకు 181. ప్రభుత్వ ఆసుపత్రిలో పిల్లల టీకాలు ఉచితం. పుట్టగానే, ఆపైన ఆరు, పది, పద్నాలుగు వారాలకు, తొమ్మిదో నెలలో వేయించాలన్న వరుసను బొమ్మలతో చూపవచ్చు. బిడ్డ పుడితే 21 రోజుల్లోగా జననం నమోదు చేయించాలన్నది తప్పక రాయాలి, ఎందుకంటే ఆ ధ్రువపత్రం లేని బిడ్డకు తరువాత ప్రతి కార్యాలయంలోనూ చిక్కే. 2009 నాటి విద్యాహక్కు చట్టం ఆరు నుంచి పద్నాలుగేళ్ల పిల్లలందరికీ వర్తిస్తుంది. వయసు రుజువు లేదన్న కారణంతో బడిలో చేర్చుకోకుండా ఉండకూడదని అందులోని 14వ సెక్షన్ చెబుతుంది. ఈ సెక్షన్ సంఖ్యను తెలుగు వరుసలోనే అచ్చువేస్తే ప్రధానోపాధ్యాయుడితో వాదించే అవసరం తగ్గుతుంది.

రెండో భాగం కార్డు ఉన్నవారికి. సొంత రాష్ట్రంలో ఆహార భద్రతా చట్టం కింద రేషన్ కార్డు ఉండి, దానికి ఆధార్ జతచేసి ఉంటే, ఇక్కడి చౌకధరల దుకాణంలోనే వేలిముద్ర వేసి తమ వాటా తీసుకోవచ్చు. కుటుంబంలో కొందరు ఊళ్లో ఉంటే వారి వాటా వారు అక్కడే తీసుకోవచ్చు. ఈ సదుపాయం శరణార్థులకు వర్తించదని అదే పుటలో నేరుగా రాయాలి. శిబిరంలో ఇచ్చే సాయం శిబిరానికే పరిమితమన్న సంగతీ దాచకూడదు. లేని ఆశ కల్పించి క్యూలో నిలబెట్టడం కంటే ‘ఇది మీకు రాదు’ అని చెప్పడమే మర్యాద. తప్పుడు చిరునామాతో ఆధార్ ఇప్పిస్తామనే దళారుల గురించి హెచ్చరిక కూడా ఇక్కడే ఉండాలి. విదేశీయుడికి ఆ పని నేరమై, ఉన్న కాస్త నీడనూ పోగొడుతుంది. అనుమానం వస్తే న్యాయసేవాధికార సంస్థ నంబరు 15100కు ఫోన్ చేయమనాలి. మహిళలకు, పిల్లలకు, జాతి హింస బాధితులకు అక్కడ ఉచిత న్యాయసహాయం ఉంది.

అనువాదకులను దూరం వెతకనక్కరలేదు. తమిళానికి చిత్తూరు, నగరి, సత్యవేడు వైపు రెండు భాషలూ ఇంట్లో మాట్లాడేవారు ఎందరో ఉన్నారు. ఒడియా, బెంగాలీలకు తిరుపతిలోని జాతీయ సంస్కృత విశ్వవిద్యాలయ విద్యార్థులను అడగవచ్చు. కాకపోతే వారి కలం సహజంగానే సంస్కృతం వైపు మొగ్గుతుంది కనుక, ఇంట్లో అమ్మకు చెప్పినట్టు రాయమని ముందే కోరాలి. యంత్రానువాదాన్ని చిత్తుప్రతికి వాడుకోవచ్చుగానీ, మందులు, తేదీలు, రుసుములు ఉన్న వాక్యాలను దాని మీద వదిలేయకూడదు. అనువాదం పూర్తయ్యాక, మూల ప్రతి చూడని మరొకరిచేత దాన్ని చదివించి తెలుగులో చెప్పమనాలి. తేడా ఎక్కడుందో ఆ పూటే తెలిసిపోతుంది.

స్థలాల పేర్లను అనువదించరాదు. రుయా ఆసుపత్రి, లీలామహల్ సర్కిల్, ఓపీ చీటీ, సచివాలయం వంటి మాటలను ఇక్కడ పలికినట్టే వారి లిపిలో రాస్తే ఆటో డ్రైవరుకు అర్థమవుతుంది. ఫోన్ నంబర్లను వారి లిపి అంకెలలో కాక ఫోన్ మీద కనిపించే అంకెలలోనే ఉంచాలి. చదువురానివారి కోసం ప్రతి భాగాన్నీ రెండు నిమిషాలు మించని ఆడియోగా రికార్డు చేసి వాట్సాప్‌లో పంపాలి. ఒడిశా నుంచి వచ్చినవారిలో ఇంటి భాష సవర, కువి అయినవారు కూడా ఉండవచ్చు కనుక, ఏ భాషలో వింటారో అడిగిన తరువాతే రికార్డు చేయాలి. ఆసుపత్రిలో పదేళ్ల పిల్లవాడిచేత తల్లి జబ్బు గురించి చెప్పించడం మన దగ్గర మామూలైపోయింది, అది మానాలి.

పంచేటప్పుడు ఎవరి కార్డులనూ ఫోటో తీయకూడదు, పేర్ల జాబితా రాసుకోకూడదు. కాగితం అడుగున ‘ఈ వివరాలు ఫలానా నెలలో సరిచూసినవి’ అని రెండు భాషల్లోనూ ఉండాలి. మూడు నెలలకొకసారి ప్రతి నంబరుకూ స్వయంగా ఫోన్ చేసి, ప్రతి కార్యాలయ వేళలనూ అక్కడికే వెళ్లి కనుక్కొని, మార్పు ఉంటే కొత్త ప్రతి ఇచ్చేటప్పుడు పాతదాన్ని వెనక్కి తీసుకోవాలి.